పగలు వెలిగిన ఎర్రలైటు

మా మిద్దె మీద నిలబడితే సెల్ టవరు మొదలు నుంచి కొన దాకా కనిపిస్తుంది. పెనుకొండలో మాది ఊరి చివరి వరుస. టవరు ఊరి బయట శెనక్కాయ చేల మధ్య ఉంది. చేలకు అడ్డం పడి నడిస్తే పావుగంట. దాని కొన మీద ఒక ఎర్రలైటు ఉంటుంది. చీకటి పడగానే వెలుగుతుంది, తెల్లవారగానే ఆరిపోతుంది. ఇక్కడ ఎత్తుగా ఇనుము నిలబడి ఉందని విమానం నడిపేవాడికి చెప్పడం దాని పని. మా ఊరి మీదుగా పోయేవన్నీ బెంగళూరు విమానాలు, తలెత్తి చూస్తే బియ్యపు గింజంత ఉంటాయి. వాటిలో ఏ పైలటయినా ఆ లైటును ఏనాడయినా చూశాడో లేదో నాకు తెలియదు. మేము మాత్రం రోజూ చూసేవాళ్లం. దాన్ని చూసి నేను ఒకరోజు ఫోనులో ఒక మాట చెప్పాను. తర్వాత ఆ రోజు గురించి మా నాయనతో ఒక అబద్ధం చెప్పాను. ఈ రాసేదంతా ఆ రెండింటి గురించే.

మా నాయన టవర్లు ఎక్కేవాడు. అంతకుముందు దర్గా ఉరుసుకు, పెళ్లిళ్లకు సీరియల్ లైట్ల సెట్లు కట్టేవాడు. వైరును పళ్లతో కరుచుకొని మినారు కొన దాకా ఎక్కి, అక్కడి నుంచి కింద ఉన్నవాళ్లతో కబుర్లు చెప్పేవాడట. ఎత్తంటే ఆయనకు లెక్క లేదు. ఆ ఎక్కుడు చూసే ఒక కాంట్రాక్టరు ఆయనను టవరు పనిలోకి తీసుకున్నాడు. ముదిగుబ్బ నుంచి రొళ్ల దాకా ఆయన ఎక్కని టవరు తక్కువ. డిష్షులు బిగించడం, కేబుళ్లు మార్చడం, కొన మీది లైటు పాడైతే మార్చడం ఆయన పని. టవరు వాళ్లు ఆ లైటును ఏవియేషన్ ల్యాంపు అంటారు. అమ్మకు నోరు తిరగక 'విమానం లైటు' అనేది. ఇంట్లో మాకందరికీ అదే పేరు అలవాటయింది.

టవరు పనికి ఇద్దరు పోవాలి. ఒకరు ఎక్కాలి, ఒకరు కింద ఉండి చూస్తూ ఉండాలి. ఎక్కేవాడి జేబులో ఏదీ ఉండకూడదు. అంత ఎత్తు నుంచి చిన్న నట్టు జారినా కింద ఉన్నవాడి తల పగులుతుంది. అందుకని ఫోను కూడా కిందివాడి చేతికిచ్చి ఎక్కుతారు. మా నాయనతో కింద ఉండే మనిషిది బత్తలపల్లి. నేను ఆయనను మామా అని పిలిచేదాన్ని. ఎత్తు చూస్తే ఆయనకు కళ్లు తిరుగుతాయి. అయినా నాయన పైన ఉన్నంతసేపూ మెడ దించకుండా చూసేవాడు. సాయంత్రం మా ఇంటికి వచ్చి మెడ పట్టేసిందని నాయన చేతే మందు రాయించుకునేవాడు. వాళ్లిద్దరిలో ఎవరు ఎవరికి కాపలానో తెలిసేది కాదు.

నాయన వేరే ఊళ్లలో ఎక్కితే అమ్మకు ఏమీ కాదు. కనిపించదు కాబట్టి. మా ఊరి టవరు ఎక్కిన రోజు మాత్రం పొయ్యి దగ్గరి నుంచి మిద్దె మీదికి, మిద్దె మీది నుంచి పొయ్యి దగ్గరికి తిరుగుతూ ఉండేది. ఒకసారి పప్పు మాడ్చి, ఆ కోపమంతా దిగొచ్చిన నాయన మీద చూపించింది.

"యాడ ఉండావో, ఎప్పుడు దిగుతావో తెలీక నేను సస్తాండా. దిగినాక ఫోనన్నా చెయ్యకూడదా?"

"దిగినాక ఫోన్ చేసేదానికంటే ఇంటికొచ్చేది బిన్నా అయితాది కదమ్మే," అన్నాడు నాయన. తర్వాత కొంచెంసేపు ఆలోచించి, "పైనుంచే చెప్తాలే నీకు," అన్నాడు.

ఆ లైటుకు ఒక సెన్సారు ఉంటుంది, వేలెడంత గాజు కన్ను. దానికి వెలుతురు తగ్గితే లైటు వెలుగుతుంది. పగలు లైటు బాగుందో లేదో చూడాలంటే ఎక్కినవాడు దాన్ని అరచేత్తో మూసి పది లెక్కపెడతాడు. వెలిగితే బాగున్నట్టు. నాయన ఎప్పుడూ ఆ పరీక్ష అన్ని పనులూ అయిపోయాక చివర్న చేసేవాడు. దాన్నే మాకు గుర్తుగా పెట్టాడు.

"పనంతా అయినాక లైటు ఎలిగిస్తా. అది సూసి నువ్వు ఎసరు పెట్టు. సంగటి కెలికేలోగా ఈడుంటా."

అప్పటి నుంచి అది మా ఇంటి పద్ధతి. మిద్దె ఎక్కి చూడడం నా పని. నేను ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని. మధ్యమధ్యలో లేచి పోయి చూసి, ఎర్రగా కనిపించగానే మెట్ల మీది నుంచే "వెలిగిందమ్మా" అని అరిచేదాన్ని. అమ్మ ఎసరు పెట్టేది. సంగటి ముద్ద చేసేసరికి సందులో బండి చప్పుడు వినిపించేది. ఒక్కసారి కూడా తప్పలేదు. పక్కింటావిడ అమ్మను ఆట పట్టించేది.

"పట్టపగలే లైటేసి పిలుస్తాండాడు మీ ఆయన. పోమ్మా, పో."

అమ్మ సిగ్గుపడేది. నాకు ఆ పద్ధతి ఎంత నచ్చిందంటే, మా నాయన తెలివి గురించి స్నేహితురాళ్లకు గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ గాజు కన్నుకు మా నాయన అరచెయ్యి ఏదో, మబ్బు ఏదో తెలియదని నాకు తోచలేదు. నాయనకు తెలిసే ఉంటుంది. కానీ మబ్బు పట్టిన రోజు ఆయన ఎక్కడు కదా. ఇక మబ్బు గురించి ఆలోచించే పనేముంది?

ఆ రోజు పొద్దున ఆకాశం ఖాళీగా ఉంది. ఎండాకాలం ఇంకా పోలేదు. రెండు రోజుల కింద ఈదురుగాలికి మా ఊరి టవరు మీద ఒక డిష్షు పక్కకు తిరిగింది, సిగ్నలు పోయిందని ఊరంతా గోల. నాయన, మామ పొద్దున్నే పోయారు. ఎక్కి చూస్తే డిష్షు బోల్టులకు మరలు అరిగిపోయి ఉన్నాయట. దిగి, మళ్లీ ఎక్కడమంటే శ్రమ. నాయన పైనుంచే కేకేసి, బజారుకు పోయి కొత్త బోల్టులు తెమ్మన్నాడు. కిందివాడు కదలకూడదన్నది నియమం. మామ వద్దన్నాడు. "బిన్నా పోయిరాప్పా, నేను యాడికి పోతా ఈడినుంచి?" అన్నాడు నాయన. మామ బండి తీశాడు. రెండు ఫోన్లూ ఆయన జేబులోనే ఉన్నాయి.

మధ్యాహ్నం మిషను మీద కుడుతుంటే సూదిలో దారం కనిపించడం మానేసింది. తలెత్తి చూస్తే కిటికీ అంతా నల్లగా ఉంది. మిద్దె మీద బట్టలు, ఆరబోసిన శెనక్కాయలు ఉన్నాయని అమ్మ కేకేసింది. పరిగెత్తాను. ధర్మవరం వైపు నుంచి మబ్బు ఆకాశం సగం దాకా వచ్చేసింది. మా సీమలో మబ్బును చూసి భయపడే అలవాటు ఎవరికీ లేదు. మబ్బొస్తే మాకు పండగ. పక్క మిద్దెల మీద కూడా అందరూ నిలబడి నవ్వుతూ చూస్తున్నారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే టవరు వైపు తిరిగాను.

లైటు వెలుగుతోంది. అంత నల్లటి మబ్బు ముందు అది అంత ఎర్రగా నేను ఎప్పుడూ చూడలేదు. దాని కింద కొంచెం దూరంలో చిన్న నల్లటి చుక్క ఉంది. అది కదులుతోంది. నాయన దిగుతున్నాడు, వానకు ముందే దిగుతున్నాడు అనుకున్నాను. మనసు నిమ్మళించింది.

అప్పుడే అమ్మ ఫోను మోగింది. అమ్మ మెట్ల దాకా వచ్చి నాకిచ్చింది. మామ బజారు నుంచి చేశాడు. వెనక నుంచి వాన చప్పుడు వినిపిస్తోంది, అటు వైపు అప్పటికే మొదలైనట్టుంది.

"పాపా, ఈడ వాన దంచుతాండాది. బండి పోయేటట్టు లేదు. మీ నాయన దిగినాడేమో సూస్తావా? లైటు ఎలిగిందా?"

"వెలిగింది మామా."

"బోల్టులు నా దగ్గరుండాయే, అప్పుడే ఎట్ల దిగినాడు?"

"మబ్బు చూసి దిగుంటాడులే. వెలిగింది, నేను చూస్తూనే ఉన్నా."

"అయితే సరే. షెల్టర్లో కూసోనుంటాడు. వాన తగ్గినాక నేను పోయి పిల్చకొస్తా."

షెల్టరంటే టవరు కింద మిషన్లు పెట్టే చిన్న గది. నేను ఫోను అమ్మకిచ్చి, బట్టలు చంకన పెట్టుకొని, శెనక్కాయల పట్టను ఈడ్చుకుంటూ దిగిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు.

వాన గంటకు పైగా పడింది. అమ్మ సంగటి కెలికి మూత పెట్టింది. ఇల్లు కారే చోట గిన్నెలు పెట్టింది. చేను లేకపోయినా, విత్తనాలకు మంచి పదును అని సంబరపడింది. సంగటి చల్లారిపోతుందని నన్ను తినమంది. నేను తిన్నాను, కడుపునిండా తిన్నాను. అది కూడా రాయాలి. వాన ఆగాక మిద్దె ఎక్కితే ఎండ వచ్చేసింది, లైటు ఆరిపోయి ఉంది. చుక్క కోసం నేను వెతకలేదు. దిగిన మనిషి కోసం పైన ఎందుకు వెతుకుతాను?

కొంచెంసేపటికి మామ ఫోను చేశాడు. నాతో మాట్లాడలేదు, అమ్మకివ్వమన్నాడు. అమ్మ విని, ఫోను కింద పెట్టి, చెప్పుల్లేకుండా చేలల్లోకి నడిచింది. నేను వెనకే పోయాను. బురదకు కాళ్లు కూరుకుపోతున్నాయి. సగం దూరం పోయాక తలెత్తితే నాయన కనిపించాడు. డిష్షు కింద, నడుముకూ తొడలకూ కట్టుకున్న బెల్టుకు వేలాడుతున్నాడు. ఒక చెయ్యి మాత్రం ఇనుమును పట్టుకొని ఉంది.

మబ్బుకు ముందు వచ్చిన గాలి డిష్షును తిప్పిందట. అది భుజానికి తగిలి, కాలు జారింది. బెల్టు తాడు కొక్కేనికి ఉంది కాబట్టి కింద పడలేదు. కానీ ఒక చెయ్యి పనిచేయలేదు, ఆ చెయ్యి లేకుండా మళ్లీ నిచ్చెన అందుకోలేకపోయాడు. అంత బరువూ తొడల పట్టీల మీదే. హిందూపురం నుంచి ఎక్కేవాళ్లు ఇద్దరు వచ్చి తాళ్లు కట్టి దించేసరికి పొద్దు వాలింది. దించినప్పుడు తెలివిలోనే ఉన్నాడు. నీళ్లడిగాడు. అమ్మ కాళ్ల బురద చూసి, "చెప్పులేడ?" అన్నాడు. బతికాడని అందరం ఏడ్చాం.

రెండు రోజులకు మూత్రం నల్లగా వచ్చింది, తర్వాత అదీ ఆగిపోయింది. పట్టీల కింద రక్తం ఆగి తొడల్లో కండ చచ్చిపోయిందని, ఆ విషం కిడ్నీలకు ఎక్కిందని పెద్ద డాక్టరు చెప్పాడు. తొందరగా దించి ఉంటే ఇంత కాకపోయేదేమో అన్నాడు. ఎంత తొందరగా అని అడిగాను. గంట ముందు దించినా వేరుగా ఉండేదేమో, కచ్చితంగా చెప్పలేను అన్నాడు. ఆయన ఊరికే జవాబు చెప్పాడు. నేనే ఆ గంటను ఇంటికి తెచ్చుకున్నాను.

తర్వాత తప్పు ఎవరిదన్న మాట వచ్చింది. కాంట్రాక్టరు మనుషులు వచ్చి, కిందివాడు చోటు వదిలిపోయాడని రాసుకున్నారు. మామను పనిలోంచి తీసేశారు. మా చుట్టాలు ఇంటికొచ్చి నా ముందే మామను నోటికొచ్చినట్టు తిట్టారు. వాన పడుతుంటే బజారులో బజ్జీలు తింటూ కూర్చున్నాడన్నారు. ఆయన గడప దగ్గర నిలబడి అన్నీ విన్నాడు. మా ఇంటికి ఫోను చేసినట్టు, నేను వెలిగిందని చెప్పినట్టు ఒక్క మాట అనలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు.

నాకు కోపం ఎక్కువ. చిల్లర విషయాలకే ఇంటి కప్పు లేచిపోయేలా అరుస్తాను. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. అమ్మకు అంతా తెలుసు, ఫోను తెచ్చిచ్చిందే ఆమె. ఆమె కూడా నోరు విప్పలేదు. ఆమె కూడా ఆ లైటును నమ్మే కదా ఎసరు పెట్టింది. ఆ రాత్రి ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పడుకున్నాం. అక్కడితో ఆ మాట మా ఇద్దరి మధ్య మూసుకుపోయింది.

వారానికి రెండుసార్లు నాయనను హిందూపురం తీసుకుపోయి డయాలిసిస్ చేయించాలి. నేనే పోయేదాన్ని. పొద్దున బస్సులో పోయి, సాయంత్రం బస్సులో తిరిగొచ్చేవాళ్లం. పోయేటప్పుడు ఆయన మొహం ఉబ్బి ఉండేది, వచ్చేటప్పుడు పీల్చేసినట్టుండేది. నీళ్లు కొలిచి తాగాలి. దాహం వేసినప్పుడల్లా కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. అంత ఎత్తులెక్కిన మనిషికి బస్సు మెట్లు ఎక్కడానికి నా భుజం కావాల్సి వచ్చింది. ఆయన దాని మీద కూడా తమాషా చేసేవాడు. "రెండు మెట్లే పాపా, బెల్టు అక్కర్లే," అనేవాడు. నాకు నవ్వు రాకపోయినా నవ్వేదాన్ని.

తిరుగు ప్రయాణంలో సోమందేపల్లి దాటేసరికి చీకటి పడేది. రోడ్డుకు అటూ ఇటూ టవర్ల లైట్లు ఒక్కొక్కటే వెలిగేవి. అవన్నీ ఆయన ఎరిగినవే. "ఇది ముందే ఎలుగుతాది, దీని గాజు మీద దుమ్ము." "అది లేటు, మొన్న మార్చిందే నేను." "ఆడ రెండుండాల, ఒకటి పోయినట్టుండాది, ఎవురూ ఎక్కినట్టు లేదు." ఆ కాసేపు ఆయన రోగి కాదు. నాకు మాత్రం ఎర్రగా ఏది కనిపించినా 'వెలిగింది మామా' అన్న నా గొంతే వినిపించేది. చెప్పేయాలి, ఈ రోజు చెప్పేయాలి అనుకుంటూనే పెనుకొండలో దిగిపోయేవాళ్లం. అలా చాలా వారాలు పోయాయి.

ఒక సాయంత్రం ఆయన బాగా నీరసంగా ఉన్నాడు. తల నా భుజం మీద పెట్టుకున్నాడు. దూరంగా మా ఊరి టవరు లైటు కనిపించింది. ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"నాయనా, ఆ పొద్దు లైటు వెలిగిందని మామకు చెప్పింది నేనే," అన్నాను.

ఆయన తల ఎత్తలేదు.

"తెలుసు పాపా. వాడు చెప్పలేదులే. నాకే తెలుసు. నేను ఆడ ఏలాడతాండగానే నెత్తిన లైటు ఎలిగింది. నా చేతుల మీదంతా ఎర్రగా పడె. అయిపోయింది, ఇంట్లో నేను దిగినాననుకుంటారు అనుకున్యా."

ఆయన మెల్లగా, ఆగి ఆగి చెప్పాడు.

"ఆడినుంచి మన మిద్దె బాగా కనపడతాది. నువ్వు వస్తివి. నీ పచ్చ చున్నీ కనపడె. నా పక్క సూస్తివి. బాగుండే చెయ్యి శానాసేపు ఊపినా. నువ్వు బట్టలెత్తుకోని దిగిపోతివి."

బస్సు మలుపు తిరిగింది. కండక్టరు పెనుకొండ, పెనుకొండ అని అరుస్తున్నాడు.

"నా చెయ్యి కనపడలేదా పాపా నీకు?"

కనిపించింది అంటే, చూసి కూడా వదిలిపోయాననే కదా. దిగుతున్నావనుకున్నాను నాయనా అని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆయన మొహం చూశాను. ఆయన ఏ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడో ఆ మొహంలోనే ఉంది.

"కనపడలేదు నాయనా," అన్నాను.

"అదే అనుకున్యా," అన్నాడు. ఆ గొంతులో బరువు దిగిన మనిషి ఊపిరి ఉంది. "శానా దూరం కదా. కనపడింటే నువ్వు ఉరుక్కుంటా వచ్చేదానివి."

నా భుజం పట్టుకొని బస్సు దిగాడు. రెండు మెట్లు.

ఆ తర్వాత ఎక్కువ రోజులు ఉండలేదు. ఖబరస్తాన్‌కు తీసుకుపోయేటప్పుడు శవాన్ని మోసే జనాజా ముందు కొన మామ పట్టుకున్నాడు. చుట్టాలు గొణిగారు. ఈసారి నేను గడప దగ్గరికి వచ్చి, లైటు వెలిగిందని ఆయనకు ఫోనులో చెప్పింది నేనని అందరి ముందూ చెప్పాను. వాళ్లు ఏం చెప్తుందిలే, పిచ్చి పిల్ల, దుఃఖంలో మాట్లాడుతోంది అన్నట్టు చూశారు. మామ మాత్రం వెనక్కి తిరిగి, వద్దన్నట్టు తల ఊపాడు. ఆ సగం నిజం అలా ఎవరికీ పనికిరాకుండా పోయింది.

మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది. అమ్మ ఇప్పుడు ఆ వైపు కిటికీ తెరవదు. మబ్బు పట్టి పగలే లైటు వెలిగిన రోజు నేను మిద్దె ఎక్కుతాను. పక్కవాళ్లు బట్టలు తీసుకొని దిగిపోతారు. నేను వాన ఆగేదాకా అక్కడే తడుస్తూ నిలబడతాను. టవరు మీద ఎవరూ ఉండరు. అయినా కొన నుంచి కింది దాకా చూస్తాను.

ఆ రోజు ఆ చుక్క పక్కన ఇంకా సన్నగా ఏదో పైకీ కిందికీ ఆడింది. అది చెయ్యి అని నాకు అప్పుడే తెలుసు. లైటు వెలిగించాక మా నాయన సంతోషంగా మాకు చెయ్యి ఊపుతున్నాడనుకున్నాను. బట్టలు చంకన పెట్టుకొని, నేను కూడా ఒకసారి చెయ్యి ఊపి దిగిపోయాను.